తోక ఉన్న సరిహద్దు కమిషన్

పర్లాకిమిడిలో సరిహద్దు సమస్య మళ్లీ తలెత్తింది. ఈసారి భువనేశ్వర్‌నో అమరావతినో తప్పుపట్టడానికి లేదు. పాతపట్నం బస్టాండు వెనక పుట్టి, బిస్కెట్ల అట్టపెట్టెలో రాష్ట్రం దాటి వచ్చి, మా ఇంట్లో తిష్ఠ వేసిన ఓ కుక్కపిల్ల దీనికంతటికీ కారణం. విషయం రెండు రాష్ట్రాలకు సంబంధించింది గనక పాఠకులు నవ్వకుండా చదవాలని మనవి.

కొత్తవాళ్ల కోసం కాస్త చరిత్ర. ఒడియా వాళ్లకు వేరే రాష్ట్రం ఇస్తే గీత ఎక్కడ గీయాలో తేల్చమని 1931లో ఓడొనెల్ దొరగారి అధ్యక్షతన ఓ కమిటీ వేశారు. ఆ తర్వాత కాగితాలు లండన్ దాకా వెళ్లాయి, వచ్చాయి. చివరికి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. తేదీ మీద మేం వ్యాఖ్యానించదలుచుకోలేదు. 1880 నుంచి ఈ ఊళ్లోనే ఉండి, వాడుక భాష కోసం పండితులందరితో పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ దెబ్బతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా పూర్వీకులకు అంత పట్టుదల లేదు, ఉండిపోయారు. దొరల గీత మ్యాపు మీద పడింది. మా కుక్కపిల్ల గీసేది చాప మీద, పరుపు మీద, ఒక్కోసారి నా చెప్పుల్లో పడుతోంది. తేడా అంతే.

దత్తత వ్యవహారం చట్టబద్ధంగానే జరిగింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం దత్తహోమం తప్పనిసరి కాదు, కాబట్టి మేం చేయలేదు. కుక్కల గురించి ఆ చట్టం ఏమీ చెప్పదు గానీ, మనోవర్తి మాత్రం మొదటి రోజు నుంచే అమల్లోకి వచ్చింది.

చిక్కంతా నేటివిటీ దగ్గర. పుట్టుక ఆంధ్రా, నివాసం ఒడిశా. టీకాల కార్డులో చిరునామా దగ్గర ఏం రాయాలో మా ఆవిడకూ నాకూ కుదరలేదు. తల్లి సంగతి ఇంకా అయోమయం. స్కూళ్లు, ఆసుపత్రులు, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లలో కుక్కలుంటే పట్టుకెళ్లి ఆపరేషన్ చేయించి, టీకాలేయించి, మళ్లీ అక్కడే వదలకుండా షెల్టర్లలో పెట్టమని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. బస్టాండే శాశ్వత చిరునామాగా బతికిన ఆ తల్లి, ఆ తీర్పు సంగతి తెలియక, ఇప్పటికీ పలాస బస్సు కింద పడుకుంటోంది.

మా పిల్ల మాత్రం ఈ ద్వంద్వ పౌరసత్వాన్ని బాగానే వాడుకుంటోంది. దీనికి ముందే ఉదాహరణ ఉంది. సాలూరు దగ్గర కొఠియా కొండల మీది 21 ఊళ్ల కోసం రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్నాయి. 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన ఆ తగాదా తెగకపోయేసరికి అక్కడి జనం రెండు వైపుల కార్డులూ పెట్టుకుని, రెండు వైపులా బియ్యం తెచ్చుకుంటున్నారు. మా పిల్ల అంత దూరం వెళ్లనక్కర్లేదు. పొద్దున్నే మా ఇంట్లో చోడి అంబలి తాగుతుంది. పది నిమిషాల తర్వాత గోడ పక్క సందులోంచి దూరి, పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) దగ్గర మూడు రోజులుగా తిండి చూడని మొహం పెడుతుంది. మావుసి పఖాళలో, అంటే నీళ్లు పోసిన చద్దన్నంలో, చేపముక్క వేస్తుంది. రెండు రాష్ట్రాల సంక్షేమ పథకాలూ సక్రమంగా అందుతున్న జీవి మా వీధిలో ఇదొక్కటే.

ఇంట్లో మొదటి గీత గీసింది మా అమ్మ. గుమ్మంలో బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, "ఒరే, ఇది దాటి లోపలికొచ్చిందంటే నాను మీ అక్క ఇంటికెళ్లిపోతాను" అని ప్రకటించింది. కుక్కపిల్ల ముందు గీతను వాసన చూసింది. తర్వాత నాకింది. బియ్యప్పిండి అని తెలిశాక ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివర దాకా శుభ్రంగా నాకేసి, అడ్డేమీ లేదు కదా అని లోపలికి నడిచింది. దొరల గీత తొంభై ఏళ్లుగా నిలబడిందంటే అది సిరాతో గీయడం వల్లేనని నాకు అప్పుడర్థమైంది.

మార్గశిరంలో ఇంకో ఘట్టం. మేం లక్ష్మివారం పూజ చేస్తాం, ఒడియా వాళ్లు అదే రోజు మాణబసా గురుబారం చేస్తారు. మావుసి పిండి నీళ్లతో వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా లక్ష్మీదేవి పాదాలు వేసింది, చూడముచ్చటగా. ఇంకా తడి ఆరలేదు. మా పిల్ల ఆ దారినే వెళ్లి, దేవుడి గది చూసి, తిరిగొచ్చింది. మావుసి వచ్చి నడుం మీద చెయ్యేసుకుని కాసేపు చూసింది. మేం పారిపోవడానికి సిద్ధంగా ఉన్నాం. "ఈ ఏడు లక్ష్మి నాలుగు కాళ్ల మీద వచ్చింది గావాల, రెట్టింపు ఇస్తాది" అంది. ఇంత ఇంగితంగా మాట్లాడేవాళ్లు సరిహద్దు చర్చల్లో ఎప్పుడైనా కూర్చున్నారో లేదో.

అమ్మ మనసు మారింది మాత్రం తిండి దగ్గర. కుక్కలకు ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ విషంతో సమానమని పశువుల డాక్టరు చెప్పాడు. పాలు పోస్తే విరేచనాలవుతాయి, అవీ వద్దన్నాడు. అమ్మ వీటిలో మొదటి రెండే విన్నది. ఉల్లి, వెల్లుల్లి తగలని మహాప్రసాదం తినే జగన్నాథుడి రాజ్యంలో, కార్తీకమంతా నిష్ఠగా ఉండే ఇరుగుపొరుగు మధ్య, ఏ గురువూ చెప్పకుండానే ఉల్లి ముట్టని ప్రాణి! "ఇది ఏ జన్మలోనో పూరీలో పుట్టుంటాది" అని తేల్చింది. అప్పటి నుంచి దానికి దేవుడి గది గడప దాకా అనుమతి ఉంది. ఆ పూరీ భక్తుడు చికెన్ ఉడికే రోజున స్టవ్ దగ్గర నుంచి కదలడన్న సంగతి అమ్మ పట్టించుకోదు. భక్తుల విషయంలో పెద్దవాళ్లు అన్నీ పట్టించుకోరు.

పేరు పెట్టడం మీద ఇంట్లో అఖిలపక్షం జరిగింది. మా వాడు బ్రూనో అన్నాడు. మా ఆవిడ లక్కీ అంది. అమ్మ భైరవుడని ప్రతిపాదించి, రోజూ తిట్టాల్సిన వాడికి దేవుడి పేరేమిటని తనే వెనక్కి తీసుకుంది. అన్నీ చెల్లుతాయని రాజీ కుదిరింది. అది దేనికీ పలకదు. పార్లేజీ పాకెట్ చిరిగిన చప్పుడు వినిపిస్తే మాత్రం వీధి చివర నుంచి వస్తుంది.

ఇక రాత్రుళ్లు. కుక్కపిల్లకు ఎన్ని నెలలుంటే అన్ని గంటలు ఆపుకోగలదని ఓ లెక్క ఉంది. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్లాలట. ఈ మూడూ తప్ప అది ఇంకేమీ చేయదు కాబట్టి మేం దాదాపు బయటే కాపురం ఉంటున్నాం. చీకట్లో టార్చి పట్టుకుని, నిద్రమొహంతో "కానీ నాయనా, కానీ" అని బతిమాలుతుంటే, అది మల్లెపొదను పరిశీలిస్తుంది. గోడ మీది పిల్లిని పలకరిస్తుంది. మహేంద్రతనయ నది వైపు నుంచి వచ్చే గాలిని కాసేపు ఆస్వాదిస్తుంది. ఇక లేదులే అనుకుని లోపలికొచ్చి తలుపు గడియ వేశాక, ఆ గడియ చప్పుడుకే ఎదురుచూస్తున్నట్టు, హాలు మధ్యలో కూర్చుంటుంది.

అందుకని పాత పేపర్లు పరిచాం. మా ఇంటికి ఒడియా పేపరొకటి, తెలుగు పేపరొకటి వస్తాయి. మొదటి రోజు అది ఒడియా పేపరు ఎంచుకుంది. అప్పుడే వచ్చిన మా బావమరిది అది చూసి పొంగిపోయి, "బావా, దీనికి భాషాభిమానం ఉంది, మన పేపరు జోలికి రాలేదు" అన్నాడు. మర్నాడు తెలుగు పేపర్లో సంపాదకీయాల పేజీ వెతుక్కుని మరీ కూర్చుంది. ఇలాంటి వ్యాసాలు అచ్చయ్యే పేజీ అదే. ఇంత సూటి విమర్శ నాకు పాఠకుల నుంచి కూడా రాలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడు వీడియో కాల్‌లో మాకు శిక్షణ ఇస్తున్నాడు. "మావయ్యా, దాన్ని కుక్క అనకండి. మీరిద్దరూ ఇప్పుడు డాగ్ పేరెంట్స్" అంటాడు. వాడి దగ్గర హస్కీ ఉంది. సైబీరియా మంచులో బళ్లు లాగే జాతి అది. వాడి ఫ్లాట్‌లో ఏసీ ముందు పడుకుని కరెంటు బిల్లు లాగుతోంది. క్రేట్ ట్రైనింగ్, బొమ్మలు, నమిలే ఎముకలు, అన్నింటికీ లింకులు పంపాడు. ధరలు చూసి మా ఆవిడ ఫోన్ బోర్లా పెట్టేసింది.

నమలడానికి మా ఊళ్లో కొరతేముంది? పర్లాకిమిడి కొమ్ము పనికి పెట్టింది పేరు. గేదె కొమ్మును కాచి, వంచి, అరగదీసి, నూనె పెట్టి మెరుగు తెస్తే కొంగలు, రొయ్యలు, దువ్వెనలు తయారవుతాయి. మా షోకేసులో మా నాన్నగారి నాటి కొంగ ఒకటి, ఒంటికాలి మీద, ఏళ్లుగా ఒకే చేప కోసం ఎదురుచూస్తూ ఉండేది. కుక్కపిల్లకు 28 పాల పళ్లుంటాయి. నాలుగో నెల నుంచి ఊడటం మొదలై ఆరేడు నెలలకు 42 పళ్లు వస్తాయి, ఈలోగా చిగుళ్ల దురదకు ఏది దొరికితే అది కొరుకుతుంది. హస్తకళలను ఆదరించండని రెండు ప్రభుత్వాలూ ఎన్నోసార్లు పిలుపునిచ్చాయి. మనసారా స్పందించింది ఇదొక్కటే. ముక్కు నుంచి మొదలుపెట్టింది. మెడ దగ్గర ఆగి కాసేపు నిద్రపోయింది. లేచి రెక్కలు పూర్తి చేసింది. దేవుడి దయ వల్ల ఒంటికాలు మిగిలింది, దాన్ని షోకేసులో మళ్లీ నిలబెట్టాం. బావమరిది దాన్ని ఆధునిక శిల్పం అన్నాడు.

పళ్లు మా చేతుల మీద కూడా పడతాయి. ఇక్కడ మాత్రం రెండు ముక్కలు వేళాకోళం లేకుండా చెప్పాలి. గాటు పడితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి, పసుపు అద్ది ఊరుకోకూడదు. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలవ్వాలి, మూడో నెల నిండగానే రేబిస్ టీకా పడాలి. ఇవన్నీ చేయించామన్నా మా వీధి పెద్దలు నమ్మరు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కథ మొదలెడతారు. ఇప్పుడు భుజానికే వేస్తున్నారండీ అంటే, అందుకే పనిచేయడం లేదంటారు.

అన్నింటికన్నా పెద్ద పరీక్ష జాతి. మనం కొత్తగా పరిచయమైన మనిషిని ఇంటిపేరు అడిగి, ఊరడిగి, మేనమామల ఊరడిగి, ఎంతో మర్యాదగా చుట్టూ తిరిగి చేరే చోటికి, కుక్క విషయంలో గుమ్మంలోనే చేరిపోతాం. చెప్పులు విప్పకముందే "ఏ జాతండీ?" వీధికుక్క అని చెబితే మొహంలో ఓ జాలి కనిపిస్తుంది, పిల్లనిచ్చే చోట అప్పులున్నాయని తెలిసినప్పటి జాలి.

మొన్న మేనల్లుడి మామగారు హైదరాబాద్ నుంచి వచ్చారు. అడగనే అడిగారు.

"పాతపట్నం" అన్నాను.

"హౌండా?"

"హౌండే."

నేను అబద్ధమాడలేదు. ముధోల్ హౌండ్‌కు పెట్టింది ఊరి పేరే, రాజపాళయం కుక్కకు పెట్టిందీ ఊరి పేరే. ఆ కుక్కల బొమ్మలతో 2005లో తపాలాశాఖ స్టాంపులు కూడా వేసింది. పాతపట్నం ఏం పాపం చేసింది? ఆయన సోఫాలో వెనక్కి వాలి తల పంకించారు. "విన్నానండీ. మన దేశవాళీ జాతుల ముందు ఫారిన్‌వి ఎందుకూ పనికిరావు. 2020లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు, పెంచుకుంటే మనవే పెంచుకోమని. చూడండి ఆ చెవులు! ఆ ఛాతీ! బ్లడ్‌లైన్ తెలిసిపోతోంది" అన్నారు. ఆ బ్లడ్‌లైన్ అప్పటికి ఆయన బూటు లేసుల పని చూస్తోంది.

"మా ఇంటికి ఇలాంటిదొకటి కావాలండీ. బ్రీడర్ ఎవరు?"

"ఇప్పుడు కష్టమండీ. తల్లి ఒక్కతే ఉంది. దాని నివాసం మీద సుప్రీంకోర్టు ఆర్డరుంది."

ఆ మాటతో ఆయన నిటారుగా కూర్చున్నారు. కోర్టు దాకా వెళ్లిన సరుకంటే మాటలా. గొంతు తగ్గించి, ఈసారి ఈనినప్పుడు ఒక మగపిల్లను తమ పేరు మీద రాసి ఉంచమన్నారు. అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తాను, స్కానర్ చూపించమని ఫోన్ తీశారు.