పొద్దుగూకితే ఉడికిపోయే రొయ్యలు

ఆట ఆడేవాళ్ళనీ, ఆట చేసేవాళ్ళనీ ఒకే హాల్లో కూర్చోబెట్టమని సలహా ఇచ్చిన మనిషికి, నడివేసవి మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నెల్లూరు ట్రంకురోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచే యోగం పట్టాలి. నిన్న సాయంత్రం దర్గామిట్టలో ఒక మేడమీద హాలు. మలై కాజాలు, కారప్పూస, ప్రొజెక్టరు, బ్యానరు. ఆట ఏమిటంటే రొయ్యల చెరువు. సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వదలాలి, మేత చల్లాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయనే లెక్క, కుదిరినాక పట్టి అమ్మాలి. చేసింది మన ఊరి పిలకాయలే. జనంలోకి వదిలేది మాత్రం చెన్నై నుంచి దిగే పబ్లిషర్ మనిషి. ఆయన పేరు ఇక్కడ ఉండదు. చేసిన పనులు ఉంటాయి.

"ఒక అక్షరం మార్చడానికి గంట ఎందుకు పడుతుందని గ్రూపులో రోజూ అడుగుతున్నారు గదా. బిల్డు అయ్యేది కళ్ళారా చూపిస్తే నోరు మూస్తారు" అన్నది ఆయన ఆలోచన. బిల్డంటే రాసిన కోడునీ బొమ్మల్నీ కలిపి ఫోనులో ఆడే ఆటగా కట్టడం. అందులో చూడ్డానికి ఏముంటుందని ఒక్కరూ ఆయన్ని అడగలేదు. అడిగితే నెలాఖరు చెల్లింపు గుర్తుకొస్తుంది మరి.

బిల్డు చూసే కుర్రాడు మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. కోడు దాచుకునే గిట్‌లోకి మార్పు తోయగానే బిల్డు మిషను అందుకుంటుంది. బొమ్మలు, శబ్దాలు బరువెక్కువ గనక పెద్ద ఫైళ్ళు దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ నుంచి విడిగా దిగాలి. దిగకపోతే రొయ్య బొమ్మ ఉండాల్సిన చోట అసలు బొమ్మ ఏదో చెప్పే మూడు వరసల పాయింటర్ ఫైలు మిగులుతుంది, దాన్ని ఎంత మేపినా పెరగదు. తర్వాత ఆటని కట్టే ఇంజను యూనిటీ బ్యాచ్‌మోడ్‌లో, తెరమీద కనిపించకుండా, లేస్తుంది. ఒక్కో బొమ్మనీ ఫోనుకి పనికొచ్చే ఏఎస్‌టీసీ రూపంలోకి కుదించి లైబ్రరీ అనే ఫోల్డర్లో దాచుకుంటుంది. ఆ ఫోల్డరు పదిలంగా ఉంటే తర్వాతి బిల్డు చకచకా అయిపోతుంది. ఆపైన సీషార్ప్ కోడుని ఐఎల్‌టూసీపీపీ తీసుకుని సీప్లస్‌ప్లస్‌గా మార్చడం, దాన్ని మళ్ళీ ఫోను ప్రాసెసరు భాషలోకి కంపైల్ చెయ్యడం, గ్రేడిల్ వచ్చి అన్నీ మూటగట్టడం, సంతకం, చివరికి స్టోరుకి ఎక్కించే ఏఏబీ ఫైలు.

"క్లీన్‌గా మొదటినుంచి చెయ్యండి, ప్రేక్షకులు వచ్చారు" అన్నాడు పబ్లిషర్ మనిషి. క్లీన్ అంటే ఆ లైబ్రరీ ఫోల్డరు చెరిపేసి మొదలుపెట్టడం. అంటే ఏరేటరు రెక్క దగ్గర్నుంచి కొంగ అరుపు దాకా అన్నీ మళ్ళీ దిగుమతి కావాలి. వద్దని సైగ చేసిన చెయ్యి గాల్లోనే ఉంది, ఆయన వేలు ఎంటర్ మీద పడింది. తెరమీద పచ్చగీత బయల్దేరి, రెండంగుళాలు నడిచి, నిలబడిపోయింది.

జనం కాజాలు తిన్నారు. తర్వాత పాత జోకులు తీశారు. ఈ ఆట వాళ్ళందరూ గ్రూపులో రొయ్యల్ని "రొయ్‌యలు" అనీ, ఊరిని "నెల్‌లూరు" అనీ రాస్తారు. తొలి వెర్షన్లో తెరమీద అట్టాగే వచ్చింది గనక. తెలుగు ఒత్తు కిందికి దిగాలంటే, ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ రూపం వెయ్యాలో ఫాంటులో ఉన్న నియమాల్ని ఎవరో ఒకరు చదివి పాటించాలి. యూనిటీలో తెరమీద అక్షరాలు వేసే టెక్స్ట్‌మెష్‌ప్రో ఆ నియమాల జోలికి పోదు, అక్షరాల్ని వచ్చిన వరసలో పక్కపక్కన నిలబెడుతుంది. పిలకాయలు చివరికి ఒత్తులున్న మాటలన్నిటినీ బొమ్మలుగా గీసి అతికించి బయటపడ్డారు. జోకు మాత్రం అతుక్కునిపోయింది. "ఏం అన్నా, పుల్‌లట్‌టు తిన్నావా" అని పలకరించుకునేదాకా వచ్చింది.

ఆ తర్వాత జరిగిన గంటా దాటేద్దాం. బిల్డు అయింది, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతోనే వచ్చింది చిక్కు. అదే కోడుతో అంతకుముందే చేసిన బిల్డు స్టోరు పరిశీలన దాటి, ఎవరో ఒకరు బటను నొక్కితే చాలన్నట్టు కూర్చుని ఉంది. మామూలుగా అయితే ముందు నూటికి పదిమందికి వదిలి, క్రాషులు లెక్క చూసుకుని, అప్పుడు మిగతావాళ్ళకి పంపాలి. వేదికమీద చప్పట్లు వినపడుతుంటే పది ఎవరిక్కావాలి? ఆయన నూరు పెట్టి నొక్కేశాడు. నొక్కి, ఫోను ప్రొజెక్టరుకి తగిలించి, "ఇప్పుడు ఆడదాం" అన్నాడు.

ఆటలో ఒక నిమిషం అంటే రెండు గంటలు. పొద్దున ఆరుకి మొదలవుతుంది. ఆరో నిమిషానికి పొద్దు గూకింది. చెరువు మీద వెలుతురు పల్చబడింది, ఏరేటర్ల నురగ మెరిసింది, వెనక వరసలో ఎవరో "అబ్బ" అన్నారు కూడా. సరిగ్గా ఆరు కాగానే చెరువులో ఉన్న రొయ్యలు మొత్తం, గుడ్డిదీ కుంటిదీ అని చూడకుండా, పింకు రంగులో భగ్గుమన్నాయి.

మామూలు పింకు కాదు. ఎరుపు 255, పచ్చ 0, నీలం 255. యూనిటీతో పనిచేసే ఎవరికైనా ఆ రంగు కనపడితే కడుపులో తిప్పుతుంది. ఈ వస్తువుకి రంగులద్దే షేడరు దొరకలేదని ఇంజను మొత్తుకునే రంగు అది, ఎవరి కంటా దాటిపోకూడదని పెట్టింది. పన్నెండడుగుల తెరమీద, దీపాలార్పిన హాల్లో, పదివేల రొయ్యలు ఆ రంగులో ఈదుతుంటే, ముందు వరసలో మొహాలు కూడా పింకుగా మారాయి. పబ్లిషర్ మనిషి తెల్లచొక్కా సంగతి చెప్పనక్కర్లేదు.

ముందుగా ఒక పిల్లోడు అడిగాడు. "అన్నా, వేపుడా, పులుసా?"

ఆ తర్వాత హాలు ఎవరి చేతిలోనూ లేదు. "పట్టకముందే వండినారు", "ఉడికిన కౌంటు ఎంతన్నా", "మామిడికాయ వేసినారా లేదా". ఈ గోల మధ్య ఇందుకూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచాడు. మనవడి ఫోన్లో ఆట చూసి వచ్చిన అసలు రొయ్యల రైతు. ఆయన నవ్వడం లేదు.

"నవ్వబాకండి. రొయ్య ఎర్రబడిందంటే ముందు వైట్ స్పాటేమో చూసుకోవాల. ఆ నీళ్ళు పక్క చెరువులోకి వదలబాకండబ్బా."

దీనికి ఏం జవాబు చెప్తారు? ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తెల్లమచ్చ రోగం ముదిరిన చెరువులో రొయ్య ఒళ్ళు ఎర్రబారుతుంది, ఆ నీళ్ళు కాలవలోకి వదిలితే పక్కవాడి చెరువూ పోతుంది. బిల్డు కుర్రాడు మైకులో "సరే పెద్దాయనా, వదలం" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు పాపం.

ఇంతలో ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివే అమ్మాయి లేచి, ఉడికిన రొయ్య కూడా ఈ రంగులో ఉండదని అభ్యంతరం చెప్పింది. రొయ్య పెంకులో అస్టాజాంతిన్ అనే ఎర్ర రంగు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని క్రస్టాసయనిన్ అనే ప్రోటీను పట్టుకుని ఉన్నంతసేపూ నీలంగా, బూడిదగా కనపడుతుంది. వేడి తగిలితే ప్రోటీను పట్టు వదులుతుంది, లోపలి రంగు బయటపడుతుంది. అది నారింజ ఎరుపు, ఈ దిక్కుమాలిన రంగు కాదు. హాలు రెండు పార్టీలైంది. రోగమని కొందరు, వంట అని కొందరు. వనామీ రకం రొయ్య ఇట్టా ఉండదు, టైగర్ రకమైతే ఉంటుందేమో అని మూడో పార్టీ. 2009లో మనదేశంలో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు చెరువు గట్ల మీద ఇంత చర్చ జరిగిందో లేదో! పిలకాయలు మాత్రం ఆ సందులో ల్యాప్‌టాప్ తెరిచారు.

కారణం షేడర్ రాసే అమ్మాయికి, ఆట తన నడక రాసుకునే లాగ్ ఫైలు చూడగానే అర్థమైంది. ఒక షేడర్లో పగలు, రాత్రి, నురగ, నీడ, ఇట్లాంటి మీటలు పది ఉంటే, ఒక్కోటి ఉన్నా లేకపోయినా కలిపి 1024 రూపాలు పుడతాయి. మల్టీ_కంపైల్ అని రాస్తే యూనిటీ వాటన్నిటినీ బిల్డులో పెడుతుంది. షేడర్_ఫీచర్ అని రాస్తే, బిల్డులోకి వెళ్ళే మెటీరియళ్ళు, అంటే ఏ వస్తువుకి ఏ షేడరు ఎట్లా వెయ్యాలో చెప్పే అమరికలు, వాడుకున్న రూపాల్ని మాత్రం ఉంచి మిగతావి ఊడ్చేస్తుంది. రాత్రి మీటని ఏ మెటీరియల్లోనూ ముందుగా నొక్కి ఉంచరు, ఆట నడుస్తుండగా ఆరు గంటలకి కోడు నొక్కుతుంది. కాబట్టి రాత్రి రూపాన్ని ఎవరూ వాడటంలేదని తేల్చి ఊడ్చేసింది. ఎడిటర్లో ఆడి చూస్తే అన్నీ బాగుంటాయి, అక్కడ కావలసిన రూపాన్ని అప్పటికప్పుడు కంపైల్ చేసుకుంటుంది గనక.

మరి మల్టీ_కంపైల్‌ని షేడర్_ఫీచర్ చేయించింది ఎవరయ్యా అంటే, "సైజు తగ్గించండి, సైజు తగ్గించండి" అని రెండు వారాలు ఫోన్లో జపం చేసిన తెల్లచొక్కా. అంతటితో ఆగినా పరువు దక్కేది. సరిగ్గా సరిపోయే రూపం దొరక్కపోతే యూనిటీ దగ్గర్లో ఉన్న ఇంకో రూపం తీసి వేస్తుంది. రాత్రి రొయ్య పగటి రొయ్యలాగే కనిపించేది, హాల్లో ఎవడికీ అనుమానం వచ్చేది కాదు. "క్వాలిటీలో రాజీ పడకూడదు" అని స్ట్రిక్ట్ వేరియంట్ మ్యాచింగ్ అనే టిక్కు కూడా ఈయనే పెట్టించాడు. ఆ టిక్కు ఉంటే సర్దుబాట్లుండవు. దొరకలేదా, పింకే.

షేడర్ అమ్మాయి ఇదంతా మైకులో వివరించింది. హాలు ఆవులించింది. పెద్దాయన మాత్రం మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు.

"అయితే పంపేముందు మీరు చూసుకోరా అమ్మాయ్?"

చూస్తామండీ అని బిల్డు కుర్రాడు అందుకున్నాడు. బిల్డు కాగానే మిషనే ఆటని ఒక ఫోన్లో తెరిచి, రెండు నిమిషాలు నడిపి, ఫోటో తీసి, క్రాషు కాకపోతే పచ్చజెండా ఊపుతుందని చెప్పాడు.

"రెండు నిమిషాలంటే మీ ఆటలో ఎంత పొద్దు?"

"పది గంటలండీ. పొద్దున."

"చెరువు పోయేది రాత్రే గదబ్బా! తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే కదా రొయ్యలు తేలేది. పగలు మేత తిన్నాయా లేదా అని చెక్ ట్రే ఎత్తి చూసి ఇంటికి పోయి పడుకుంటే ఎట్టా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయన అక్కడితో కూర్చుని ఉంటే ఆ మాటకి ఒక అందం ఉండేది. కూర్చోలేదు. మైకు తీసుకుని, ఆటలో మేత ధర తప్పు, కరెంటు బిల్లు తప్పు, బయ్యరు కౌంటు దగ్గర మోసం చెయ్యకపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు అని మొదలుపెట్టాడు. కిలోకి యాభై తూగే సరుకుని అరవై అని రాసుకోవడం ఆటలో పెట్టకపోతే అది రొయ్యల ఆట ఎట్టా అవుద్దని నిలదీశాడు. ఈ ఒక్క సంగతికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పబ్లిషర్ మనిషి తేరుకుని, "ఇది లిమిటెడ్ ఎడిషన్ నైట్ మోడ్" అని ప్రకటించాడు. ఒక్కడు నమ్మితే ఒట్టు. "అయితే పాత వెర్షన్ వెనక్కి ఇచ్చెయ్ సామీ" అన్నారు. ఇవ్వడానికి ఇదేమన్నా కొట్టు వెనక ఉన్న సరుకా? అప్‌డేట్ అయిన ఫోను మీద అంతకన్నా చిన్న వెర్షన్ కోడు ఉన్న ఫైలుని ఆండ్రాయిడ్ మామూలుగా ఎక్కనివ్వదు. జనంలోకి పోయింది 213. బాగా నడిచిన 212నే కావాలన్నా, దాన్ని 214 అని కొత్త అంకె వేసి మళ్ళీ కట్టాలి, మళ్ళీ సంతకం పెట్టాలి, మళ్ళీ స్టోరు పరిశీలనలో నిలబడాలి. అది గంటల్లో తెమలొచ్చు, రోజులూ పట్టొచ్చు.

దిద్దుబాటు ఎంతసేపు? రాత్రి మీట ఉన్న ఒక్క వరసలో షేడర్_ఫీచర్ తీసి మల్టీ_కంపైల్ రాయడం. కాజా నమిలేలోపు రాసేసింది ఆ అమ్మాయి. లైబ్రరీ ఫోల్డర్ని ఈసారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, బిల్డు కూడా గబగబా అయిపోయింది. ఇక స్టోరులోకి ఎక్కించాలి. ఎక్కించే అకౌంటు పబ్లిషర్ మనిషిది. అది పిలకాయల చేతికిస్తే సెక్యూరిటీకి ముప్పని ఒప్పందంలోనే రాయించుకున్నాడు. లాగిన్ అయితే ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. ఆయనేమో హాల్లో గొడవ సద్దుమణగకముందే స్టేషనుకి ఆటో మాట్లాడుకుని చెన్నై బండెక్కేశాడు. గూడూరు దాకా ఫోను మోగింది, ఎత్తలేదు. గూడూరు దాటినాక మోగనే లేదు.

కాబట్టి 213కి అప్‌డేట్ అయినవాళ్ళు ప్రస్తుతానికి చెయ్యాల్సింది ఇది. ఆట తెరిచినాక ఐదో నిమిషంలోపే మేత వేసి, ఏరేటర్లు ఆన్‌లో వదిలి, సేవ్ చేసి బయటికి వచ్చెయ్యండి. మళ్ళీ తెరిస్తే పొద్దున ఆరు గంటలకే మొదలవుతుంది. ఇంకా అప్‌డేట్ కానివాళ్ళు స్టోరులో ఆటో అప్‌డేట్ తీసెయ్యండి. ఓటీపీ ఇంకా రాలేదు.