మునిగిన ఫలకమా, వేరే రాయా?

(హన్మకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో విద్యార్థుల ఎదుట జరిగిన వాదం. విషయం: భూమి పైపొరకూ కోర్‌కూ మధ్యనున్న మందమైన రాతి పొర, అంటే మాంటిల్‌లో, భూకంప తరంగాలు వేగంగా సాగే ప్రతి చోటా మునిగిన ఫలకం, అంటే లోపలికి దిగిపోయిన పాత సముద్రపు అడుగు, ఉన్నట్టేనా?)

భూగర్భశాస్త్ర అధ్యాపకుడు: మన హన్మకొండ గుట్టల గ్రానైట్ తేలికైన రాయి కనుకనే సుమారు 250 కోట్ల ఏళ్లుగా పైన నిలిచింది. సముద్రపు అడుగు అలా కాదు. అది చల్లబడి, బరువెక్కి, చాలావరకు 20 కోట్ల ఏళ్లలోపే అగాధాల దగ్గర మాంటిల్‌లోకి దిగిపోతుంది. రాతిలో వేడి ఎంత నెమ్మదిగా పాకుతుందంటే, వంద కిలోమీటర్ల మందమున్న ఫలకం పూర్తిగా వేడెక్కడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. అందుకే అది చుట్టూ ఉన్న రాతికంటే వందల డిగ్రీలు చల్లగా, గట్టిగా ఉండి, తరంగాలను వేగంగా సాగనిస్తుంది. ఉత్తర అమెరికా కింద, ఒకప్పటి పసిఫిక్ అడుగులో భాగమైన ఫారలాన్ ఫలకాన్ని, మన దేశం కింద, ఒకప్పుడు మనకూ ఆసియాకూ మధ్య ఉండి మూసుకుపోయిన టెథిస్ సముద్రపు అడుగును ఇలాగే గుర్తించారు.

భౌతికశాస్త్ర అధ్యాపకురాలు: సార్, ఆ రెండింటినీ నేను కాదనను. అక్కడ సముద్రాలు మూసుకుపోయిన సంగతి ఉపరితల చరిత్రలోనే ఉంది. అయితే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్, అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పశ్చిమ పసిఫిక్ కింద, ఏ ఫలకమూ మునిగిన దాఖలా లేని చోట కూడా వేగమైన ప్రాంతాలను చూపించారు. వాటిని ఏమనాలి?

అధ్యాపకుడు: చల్లదనానికి వేగమొక్కటే సాక్ష్యం కాదమ్మా. 660 కిలోమీటర్ల లోతు దగ్గర మాంటిల్‌లోని రింగ్‌వుడైట్ అనే ఖనిజం విడిపోయి బ్రిడ్జ్‌మనైట్ అనే మరింత సాంద్రమైన ఖనిజం ఏర్పడుతుంది. రాయి చల్లగా ఉంటే దానికి మరింత పీడనం కావాలి కనుక ఆ హద్దు ఇంకా కిందికి జరుగుతుంది. పైగా 2013 మేలో ఒఖోట్స్క్ సముద్రం కింద 609 కిలోమీటర్ల లోతున 8.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మామూలు మాంటిల్ రాయి ఆ లోతున పగలకుండా సాగుతుంది. పగిలిందంటే అక్కడ చల్లని ఫలకం ఉన్నట్టే.

అధ్యాపకురాలు: నేను అడిగేది అలాంటి రెండో సాక్ష్యాన్నే. ఇంచుమించు 700 కిలోమీటర్లు దాటితే భూకంపాలు లేవు, మాంటిల్ ముగిసి లోహపు కోర్ మొదలయ్యే హద్దు 2,890 కిలోమీటర్ల లోతున ఉంది. ఆ మధ్యలో వేగం మారడానికి ఉష్ణోగ్రతే కాక రసాయన కూర్పు కూడా కారణం కావచ్చు. ఒక్క కొలతతో రెండు తెలియని రాశులను తేల్చలేము.

అధ్యాపకుడు: రాతిని ముందుకు వెనక్కి నొక్కుతూ సాగే పి తరంగాలనూ అడ్డంగా ఊపుతూ సాగే ఎస్ తరంగాలనూ పోల్చి ఆ రెంటినీ కొంతవరకు వేరు చేయవచ్చు కదా.

అధ్యాపకురాలు: చేయవచ్చు, సముద్రాల మీద భూకంపమాపకాలు చాలినన్ని ఉంటే. అంతవరకు పటంలో వేగమైన చోట్లను చూపే నీలిరంగు పక్కన ‘చల్లని రాయి’ అని కాక ‘వేగం ఎక్కువ’ అని రాయిద్దాం.

అధ్యాపకుడు: పసిఫిక్ కింద అలాగే రాయిద్దాం. టెథిస్ దగ్గర మాత్రం నేను ‘మునిగిన ఫలకం’ అనే రాయిస్తాను.