ఉడికించాక కూడా జాగ్రత్త కావాలి

కబేళా వ్యర్థాలను బాగా ఉడికిస్తే కోళ్లకు, చేపలకు మంచి దాణా అవుతుందన్న మీ వ్యాసం నిజమే. మాది పలమనేరు దగ్గర పల్లె. నాలుగు జెర్సీ ఆవులు, పక్కనే గుడ్ల కోళ్ల షెడ్డు ఉన్నాయి.

యూరప్‌లో వాడే ఒక ప్రధాన పద్ధతిలో ముక్క 50 మిల్లీమీటర్లు దాటకూడదు. 133 డిగ్రీల వేడి, 3 బార్ల ఆవిరి ఒత్తిడి, 20 నిమిషాలు ఆగకుండా ఇవ్వాలి. ముక్క పెద్దదైతే నడిమధ్యకు వేడి అందదు. ఇంతా చేసి, పచ్చి వ్యర్థాలు ఎత్తిన పారతోనే ఉడికించి చేసిన పొడినీ ఎత్తితే, జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా మళ్లీ అంటుకుంటుంది. పోయినేడు మేం కొన్న ఆ పొడి బస్తా విప్పితే పైన పొడిపొడిగా ఉంది. లోపలికి చెయ్యి పెడితే తడి ఉండలు, ముక్కిపోయిన వాసన. చల్లారకముందే కుట్టేసుంటారు, ఆవిరి లోపలే నీరైంది. గుంత తీసి పూడ్చేశాం.

ఇంకొకటి, మీరు ఒక్క వాక్యంతో వదిలేశారు. 1980ల్లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు పాకింది మాంసం, ఎముకల పొడి కలిపిన దాణాతోనే. దానికి కారణమైన ప్రియాన్ రూపం చెడిన ఒక ప్రొటీన్. అది బ్యాక్టీరియా లాంటిది కాదు, పైన చెప్పిన 133 డిగ్రీల వేడికి కూడా పూర్తిగా నశించదు. మన దేశంలోనూ పాడి పశువులకు పశువుల, పందుల మాంసం, ఎముకల పొడి పెట్టకూడదు. కానీ మా వైపు ఆవులూ కోళ్లూ ఒకే దొడ్లో ఉంటాయి. మిగిలిన కోళ్ల దాణాను తవుడులో కలిపి ఆవు ముందు పెట్టేవాళ్లను నేనే చూశాను. ప్రతి బస్తా మీద "ఆవులకు, మేకలకు పెట్టరాదు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించండి.