పాతపట్నం పారిపోయిన పాయింటర్

పర్లాకిమిడిలో మాది జిరాక్స్ షాపు. పగలు ఒడియా దరఖాస్తులు, తెలుగు శుభలేఖలు. రాత్రి షట్టర్ సగం దించాక మేనల్లుడితో తుపాకుల ఆట. వాడు బరంపురం హాస్టల్లో కూర్చుని చంపుతాడు, నేనిక్కడ కూర్చుని చస్తాను.

వరసగా తొమ్మిదిసార్లు చచ్చిన రాత్రి, తప్పు మౌసుదని తేలింది. తేల్చింది నేనే లెండి. సెట్టింగ్స్ తెరిస్తే పాయింటర్ స్పీడు గీత నట్టనడుమ ఉంది, పదకొండు మెట్లలో ఆరోది. మా నౌపడా నేరోగేజి బండి కూడా బ్రాడ్‌గేజి అయిపోయింది, నాకేం ఖర్మ? కుడి చివరకి లాగేశాను. కింద 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అని టిక్కు ఉంది. గురి పెంచుతానంటే ఎవడొద్దంటాడు? ఉండనిచ్చాను. మళ్ళీ ఆడాను. మళ్ళీ చచ్చాను.

పొద్దున్నే పక్కవీధి పెద్దాయన ఫారం నింపించుకోవడానికి వచ్చారు. మౌసు ఇలా కదిపానో లేదో, పాయింటర్ మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నం పోయింది. వెనక్కి లాగితే గుణుపురం. తంటాలు పడి నొక్కితే పుట్టిన సంవత్సరం 1936 పడింది.

"బాబూ, అది ఒడిశా పుట్టిన ఏడు. నాది 1961."

మళ్ళీ నొక్కాను. 2016.

"అయితే నన్ను బళ్ళో వేసెయ్యి," అన్నారాయన కుర్చీలో వెనక్కి వాలి.

మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మావయ్యా, మన ఆట రా ఇన్‌పుట్‌లో ఉంది. మౌసు కదలిక నేరుగా తీసుకుంటుంది. విండోస్ గీత ఎంత లాగినా దానికి పట్టదు. దానికి కావలసింది మౌసు డీపీఐ, అంటే అంగుళం కదిపితే మౌసు ఎన్ని అడుగులుగా లెక్కపెడుతుందో అది, ఆటలోని సెన్సిటివిటీ, అంతే."

అంటే రాత్రి నేను మార్చింది ఆటను కాదు, షాపును!

"ఆ టిక్కు కూడా తీసెయ్. అది ఉంటే చెయ్యి జోరుగా కదిపినప్పుడు పాయింటర్ ఎక్కువ దూరం పోతుంది, మెల్లగా కదిపితే తక్కువ. చేతికి లెక్క అందదు."

గీతను ఆరో మెట్టుకి తెచ్చాను. టిక్కు తీశాను. డీపీఐ 1600 నుంచి 800కి దించాను. పెద్దాయన 1961లోనే పుట్టారు.

ఆ రాత్రి వీడియో కాల్ పెట్టుకుని ఆడాం. శత్రువు ఎదురుపడ్డాడు. గురి వాడి నుదుటి మీద బొట్టు పెట్టినట్టు నిలిచింది. నొక్కాను. చచ్చాను.

"మావయ్యా," అన్నాడు వాడు కాసేపాగి, "కాల్చేటప్పుడు కళ్ళెందుకు మూసుకుంటున్నావ్?"