పూర్ణం బూరె, పది చెవులు

నిన్న వియ్యాలవారు మొదటిసారి మా ఇంటికొచ్చారు. వంట ఇంకా అవలేదని మా ఆవిడ తలా రెండు పూర్ణం బూరెలు పెట్టింది. "త్యాగరాజ కీర్తన ఏదైనా పెట్టండి అన్నయ్యగారూ" అన్నారు వియ్యపురాలుగారు. టీవీ పెట్టాను.

తెర నిండా చెవులు.

పది రోజుల కిందట నిద్రపట్టక, ఎవరో చెవిలో గులిమి తీస్తుంటే చూశాను. ఒక్కటే. సరే, మూడు. ఆ పాపం ఇంతలా పండుతుందనుకోలేదు.

బొమ్మ మీద క్షణం ఆగితే చాలు, వీడియో దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఎవడు కనిపెట్టాడో గానీ, వాడికి వియ్యాలవారు లేరు. పైగా మా ఆవిడ సీరియల్ కోసం వాల్యూమ్ నలభైలో ఉంది. కరకరమంటూ కెమెరా చెవిలోకి దిగింది, బొర్రా గుహల్లో గైడు టార్చి వేసుకుని నడిచినట్టు. వెనక్కి వెళ్లే బటన్ అనుకుని ఓకే నొక్కాను. తెరంతా అదే అయింది. గుహ చివర పసుప్పచ్చని ముద్ద. వియ్యపురాలుగారి చేతిలో సగం కొరికిన బూరె. ఆవిడ తెర వంక చూశారు, బూరె వంక చూశారు, మళ్లీ తెర వంక. శనగపప్పులో బెల్లం కలిస్తే ఆ రంగే వస్తుంది, నేనేం చెయ్యను?

మా మేనల్లుడు హైదరాబాదులో, మనం చూసినదాన్ని బట్టి తర్వాత ఏ వీడియోలు చూపాలో తేల్చే ఈ సిఫార్సుల లెక్కలు రాసే ఉద్యోగమే చేస్తున్నాడు. "డైవర్సిటీ బాగానే ఉంది మామయ్యా! తమిళ చెవి, హిందీ చెవి, జపాను చెవి..." అన్నాడు, అందరి ముందూ. ఆ వైవిధ్యం కొలవడానికి, చూపించే జాబితాలోని వీడియోలను రెండేసి చొప్పున పోల్చి, తేడాల సగటు తీస్తారట. చానలు, భాష, నిడివి చూసి తేడా లెక్కేస్తే పది చెవులూ పది రకాలే. వార్తలకూ అదే లెక్క వాడితే, పది చానళ్లు ఒకే మాట వాగినా వైవిధ్యమే!

అంతటితో ఊరుకున్నాడా? నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ పెట్టిందట. ఎవరు ఏ సినిమాకి ఎన్ని మార్కులేస్తారో తమకన్నా 10 శాతం మెరుగ్గా ఊహిస్తే పది లక్షల డాలర్లు. 2009లో ఇచ్చేసింది కూడా. "అందులో వైవిధ్యానికి మార్కుల్లేవు మామయ్యా" అన్నాడు, అదేదో నన్ను ఓదార్చే మాటైనట్టు.

కీర్తన పెట్టనేలేదు. బూరెలు పదిహేడు మిగిలాయి. వాటిలో ఆరు వాడే తిన్నాడు.