‘ఆగి చూద్దాం’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఆగి చూద్దాం’ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు కులాసాగానే ఉంటారని తెలుసు. బేరమాడి కరెంటు కొనుక్కునే వీలున్న ఏ ఆఫీసు భవనంలోనైనా, ఏ మాల్‌లోనైనా, కాంట్రాక్టు గడువు దగ్గరపడిందంటే మీటింగ్‌లో పెద్దపీట మీదే.

కరెంటు కాంట్రాక్టులు కుదిర్చే బ్రోకర్ కొటేషన్లు పరుస్తాడు. ఏడాదికి ఒక ధర, రెండేళ్లకు ఒకటి, మూడేళ్లకు ఇంకొకటి. కింద చిన్న అక్షరాల్లో ‘ఈ ధర ఈ సాయంత్రం దాకానే’ అని ఉంటుంది. ఫైనాన్స్ ఆయన కళ్లజోడు సవరించుకుని ధరల గ్రాఫ్ చూస్తాడు. గీత పైకి పోతుంటే ‘ఇంత పైన కొంటామా, దిగనివ్వండి’ అని ఆయన నోట మీరే పలుకుతారు. కిందికి వస్తుంటే ‘ఇంకా దిగేలా ఉంది, తొందరేముంది’ అంటారు. ఎటూ కదలకపోతే ‘కదలిక లేదుగా, వచ్చే నెల చూద్దాం’. గీత ఎటు తిరిగినా చివరికి మీ మాటే నెగ్గడం మీకున్న వరం.

అంతకంటే పెద్ద వరం మరొకటుంది. ఏ ఫైల్లోనూ మీ సంతకం ఉండదు. కొన్నవాడి సంతకం ఉంటుంది కాబట్టి ధర పడిపోతే ‘ఇంత రేటుకి ఎవరు కొన్నారండీ’ అని ఆడిట్‌లో వాణ్ణి నిలబెడతారు. కొనకుండా కూర్చున్నవాణ్ణి, ధర రెట్టింపైనా, ఎవరూ పిలవరు. ఆ పాపం మార్కెట్ ఖాతాలో పడుతుంది. ఇలా నిర్ణయం తీసుకోకపోతే రిస్క్ కూడా తీసుకోనట్టేనని మీరు ఊరందరినీ నమ్మించారు. వచ్చే ఏడాది లిఫ్టులు తిరగాలి, ఏసీలు నడవాలి, దీపాలు వెలగాలి. వాటికి కావలసిన కరెంటు ఒక్క యూనిట్ కూడా ముందుగా కొనలేదంటే, ఆ మొత్తం మీద ధర తగ్గుతుందని పందెం కాసినట్టే. అంత సొమ్ము షేర్లలో పెడదామంటే అదే ఫైనాన్స్ ఆయన బోర్డు తీర్మానం అడుగుతాడు. మీ పందేనికి మాత్రం మినిట్స్‌లో ‘పరిశీలనలో ఉంది’ అని ఒక్క లైను చాలు.

మీ ఘనకార్యాలు కొన్ని తలుచుకుంటాను, ఏమీ అనుకోకండి. 2020 మే నెలలో యూరప్ గ్యాస్ మార్కెట్‌కి గీటురాయి అయిన టీటీఎఫ్ ధర మెగావాట్ అవర్‌కి 5 యూరోల లోపుకి వచ్చింది. ‘ఇంకా దిగుతుంది’ అన్నారు మీరు. 2021లో పెరగడం మొదలైతే ‘చలికాలం పోనివ్వండి’ అన్నారు. చలికాలం పోయేలోపే ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చింది. 2022 ఆగస్టులో అదే ధర 300 దాటింది. మా భవనంలో గ్యాస్ బాయిలరే లేదు, మాకేమిటి అనుకున్నవాళ్లకి కూడా తప్పలేదు. అక్కడ చాలా గంటల్లో డిమాండ్‌ని తీర్చడానికి చివరగా పిలిచేది గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంటునే. ఆ గంటల్లో టోకు మార్కెట్లో అందరి కరెంటుకీ దాని ఖర్చే ధర అవుతుంది.

సరిగ్గా ఆ సమయానికి మీరు కుర్చీ ఖాళీ చేసి మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. ఆయన పేరు ‘వెంటనే లాక్ చేసేద్దాం’. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. శిఖరం మీద రెండేళ్లకీ మూడేళ్లకీ సంతకాలు పెట్టించాడు. 2023 వేసవికల్లా గ్యాస్ 30 యూరోల దరిదాపులకి దిగి వచ్చింది. సంతకాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

టెక్సాస్ సంగతి వేరే చెప్పాలా? మామూలు రోజుల్లో యూనిట్‌కి రెండు మూడు సెంట్లుండే టోకు ధర, 2021 ఫిబ్రవరి మంచు తుపానులో 9 డాలర్లకి ఎగబాకి దాదాపు నాలుగు రోజులు అక్కడే కూర్చుంది. టోకు ధరకే కరెంటు అన్న ప్లాన్లలో ఉన్నవాళ్ల పని గాలిలో దీపం పెట్టి ‘దేవుడా నీ మహిమ’ అన్నట్టయింది. ఇళ్లకి అలాంటి ప్లాన్లు అమ్మకూడదని అక్కడ ఆ ఏడాదే చట్టం చేశారు. పెద్ద కమర్షియల్ కస్టమర్లకి ఆ తలుపు ఇంకా తీసే ఉంది, మీరు నిశ్చింతగా వెళ్లిరావచ్చు.

మిమ్మల్ని తిడుతున్నానని ‘ఫిక్స్‌డ్ రేటు’ గారు ముసిముసిగా నవ్వక్కర్లేదు. ఆయన పేరులో ఉన్నంత నిలకడ ఒంట్లో లేదు. నెట్‌వర్క్ ఛార్జీలూ, కొత్తగా వచ్చే పన్నులూ చాలా కాంట్రాక్టుల్లో ఫిక్స్‌డ్ కిందికి రావు. లోపలి పేజీల్లో ‘బ్యాండ్‌విడ్త్’ అని ఒక క్లాజు ఉంటుంది. వాడతామని చెప్పినదానికి ఇంత శాతం అటూ ఇటూ అయితే సరే, దాటితే లెక్క మారుతుంది. రెండు అంతస్తులు ఖాళీ చేసి ఒక అద్దెదారు వెళ్లిపోయాడనుకోండి. మిగిలిన కరెంటును సరఫరాదారు ఆ రోజు మార్కెట్ ధరకి అమ్మేసి నష్టం మన బిల్లులో వేస్తాడు. కొత్తగా వచ్చినవాడు సర్వర్ రూమ్ పెట్టి వాడకం పెంచాడా, పైన పడ్డ యూనిట్లు మళ్లీ ఆ రోజు మార్కెట్ ధరకే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటే ఇదే. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసులన్నీ బోసిపోయినప్పుడు చాలామంది మొదటిసారి చదివిన పేజీ అదే అయ్యుంటుంది. ఇక ధర నిలబడినా ఇచ్చేవాడు నిలబడాలి కదా? 2021, 22లలో బ్రిటన్‌లో పాతిక పైగా సరఫరా కంపెనీలు మూతపడ్డాయి.

అయినా మీ అసలు బలం ‘ఫిక్స్‌డ్ రేటు’ గారి లోపాల్లో లేదు, అద్దె ఒప్పందంలో ఉంది. కరెంటు కొనేది ఓనరు, సర్వీస్ ఛార్జీ పేరుతో కట్టేది అద్దెదారు. కట్టేది మనం కానప్పుడు ఎన్నాళ్లయినా ఆగొచ్చు. గడువు దాటి కాంట్రాక్టు దానంతటదే డిఫాల్ట్ రేటులోకి, అంటే బేరం కుదరనివాళ్లకి సరఫరాదారు వేసే రేటులోకి, జారినా ఓనరుకి నిద్ర చెడదు. పై అంతస్తు వాళ్లు కొత్త చోటు వెతుక్కున్నాకే మెలకువ వస్తుంది.

అందుకని మీకు ముందుగా తెలియజేయునది ఏమనగా, ఈసారి రెన్యువల్‌కి మీ కుర్చీ మారుస్తున్నాం. వచ్చే ఏడాది కరెంటుని ఒకే రోజు కొనడం లేదు. కొన్ని వాయిదాల్లో, తేదీలు ముందే రాసుకుని, గ్రాఫ్ ఏడ్చినా నవ్వినా ఆ రోజుకి ఆ వాటా కొనేస్తాం. యూనిట్‌కి ఇంత దాటితే భవనం తట్టుకోలేదని ఒక అంకె తేల్చుకున్నాం. ఫార్వర్డ్ ధర, అంటే రాబోయే నెలల కరెంటుకి ఇవాళ పలికే ధర, దాని దగ్గరికొస్తే తేదీ కోసం కూడా చూడం. అందరికంటే చవగ్గా కొన్నామని చెప్పుకోవాలనే సరదా మాకు లేదు. బ్రోకర్‌ని మాత్రం యూనిట్ ధరలో కలిపిన కమీషన్ ఎంతో విడిగా రాసి ఇమ్మన్నాం. అప్పటి నుంచి ఆయన కొంచెం నీరసంగా ఉన్నారు. ఐదో వంతు కరెంటు మార్కెట్ ధరకే వదిలేశాం. అది పూర్తిగా మీదే, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగి చూసుకోండి.

మీకు ఇంకో ఉద్యోగం కూడా చూశాను. కింద ప్లాంట్ రూమ్‌లో. సోమవారం పొద్దున్నే మా ఆపరేటర్ ఏసీకి చల్లటి నీళ్లందించే రెండు చిల్లర్లనీ, ఫ్యాన్లన్నిటినీ ఒకేసారి ఆన్ చేస్తాడు. రెండు రోజులు వేడెక్కిన భవనాన్ని చల్లబరచడానికి అవన్నీ పావుగంట సేపు ఫుల్ లోడ్ మీద పరుగెత్తుతాయి. మీటరు ఆ పావుగంట సగటునే నెల మొత్తానికి మాగ్జిమమ్ డిమాండ్‌గా రాసుకుంటుంది. బిల్లులో డిమాండ్ ఛార్జీ పడేది దాని మీదే. మిగతా నెలంతా ఎంత పొదుపుగా నడిపినా ఆ ఛార్జీ తగ్గదు. అతను ఒక చిల్లర్ కాస్త ముందుగా ఆన్ చేసి, రెండోదాని స్విచ్ మీద చెయ్యి వేసినప్పుడు మీరు పక్కన నిలబడి మీ పేరు చెప్పండి చాలు. జీతం సంగతి ఫైనాన్స్ ఆయనతో మాట్లాడాను. ‘పరిశీలనలో ఉంది’ అన్నారు.

ఇట్లు,
ప్రతి నెలా ఆ బిల్లు పాస్ చేసే
బిల్డింగ్ మేనేజర్