మూల కడీ వెనక ఎవరున్నారు?

హైదరాబాద్‌లో ప్లాటు కొన్నవాడికి రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ కూడా వచ్చేస్తుంది. మా బావకు వచ్చింది. ఔటర్ దాటి, ఇబ్రహీంపట్నం కూడా దాటి, ఫోన్లో సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయే చోట మేమిద్దరం కలిసి 200 గజాలు కొన్నాం. రోడ్డు వైపు 36 అడుగులు, లోతు 50. మరుసటి ఆదివారమే బావ ప్లాటు నడిమధ్యన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ముందు కంచె వేయించాలిరా, లేకపోతే మనం వచ్చేసరికి ఎవడో ఇందులో గుడి కట్టేస్తాడు" అన్నాడు. ఆ ముందుచూపుకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కంచె మీద ఏం రాసినా "కంచే చేను మేస్తే" అన్న సామెత వాడి తీరాలని తెలుగులో ఒక రూలు ఉన్నట్టుంది. వాడేశాను, పనైపోయింది. నిజానికి మా కంచెకు చేను మేసేంత ఓపిక ఎక్కడిది, నిలబడటమే దానికి గొప్ప.

అసలు సంగతి ఏంటంటే, ఈ దేశంలో మూల కడీకి, అంటే కంచె మూలన పాతే స్తంభానికి, దారుణమైన అన్యాయం జరుగుతోంది. దీని మీద ఇంతవరకూ ఒక్క ధర్నా జరగలేదు, ఒక్క అఖిలపక్షం కూడా కూర్చోలేదు. కంచె అనగానే అందరూ ముళ్ల గురించే మాట్లాడతారు. 1874 నవంబరు 24న అమెరికాలో ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్‌కు ముళ్ల తీగ మీద పేటెంట్ వచ్చింది. పేరంతా ముల్లు కొట్టేసింది. కానీ వదులైన తీగకున్న ముల్లు రిటైరైన ఎస్సై లాంటిది, మీసం అలాగే ఉంటుంది గానీ బర్రె కూడా లెక్కచేయదు. ముల్లు గుచ్చుకోవాలంటే తీగ బిగుతుగా ఉండాలి, తీగ బిగుతుగా ఉండాలంటే దాని రెండు కొసలనూ ఎవరో ఒకరు పళ్లు బిగించి పట్టుకుని ఉండాలి, ఎండలో, వానలో, పండగ సెలవుల్లో కూడా.

ఆ ఎవరో ఒకరే మూల కడీ.

మధ్యలో ఎనిమిదేసి అడుగులకు ఒకటి చొప్పున నిలబడే కడీలు ఉంటాయి కదా, చూడటానికి అవీ మూల కడీ అంతే ఉంటాయి, రేటు కూడా అంతే. వాటి పని మాత్రం తీగ కిందికి జారకుండా, తీగకూ తీగకూ మధ్య ఎడం చెడకుండా చూసుకోవడం, అంతే. తీగ అటు ఎంత లాగుతుందో ఇటూ అంతే లాగుతుంది కాబట్టి వాటి మీద పడే భారం దాదాపు సున్నా. ఆఫీసులో మధ్య సీట్లలో కూర్చునే మనలాంటి వాళ్లన్నమాట, హాజరు పడితే చాలు. మూలనున్న దాని గతి వేరు. ఐదు వరుసల తీగ, ఒక్కో తీగ 50 కిలోల బలంతో లాగుతోందనుకుంటే ఒక వైపు నుంచి 250 కిలోలు, రెండో వైపు నుంచి ఇంకో 250. ఇంటర్‌లో వెక్టర్లు నిద్రపోకుండా విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెబుతారు, ఈ రెండూ కలిసి దాన్ని ఐమూలగా ప్లాటు లోపలికి 350 కిలోలకు పైగా లాగుతాయి. పెళ్లయిన మగవాడికి ఒక వైపు అమ్మ, ఒక వైపు భార్య అని మా బావ అంటుంటాడు. పోలిక బాగానే ఉంది కానీ ఆయన ఆ రెండు సందర్భాల్లోనూ బాల్కనీలోకి వెళ్లిపోతాడు. కడీకి బాల్కనీ లేదు.

ఈ కష్టాన్ని గుర్తించిన దేశాలు లేకపోలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో గొర్రెలు మేపేవాళ్లు ఈ కొస కడీకి స్ట్రెయినర్ పోస్ట్ అని విడిగా పేరే పెట్టుకున్నారు, మిగతా వాటికంటే లావుది తెచ్చి, లోతుగా పాతుతారు. అంతటితో వదలరు. కొన్ని అడుగుల దూరంలో ఇంకో కడీ పాతి, రెంటికీ మధ్య పైన అడ్డంగా ఒక దూలం పెట్టి, రెండో కడీ తల నుంచి మూల కడీ కాళ్ల దాకా ఏటవాలుగా తీగ చుట్టి, ఆ తీగ పేటల మధ్య ఒక కర్ర దూర్చి మెలితిప్పుతారు. మెలి పడేకొద్దీ బిగుస్తుంది. నులక మంచం కాళ్ల వైపు తాడు లాగి బిగించిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇదేం పెద్ద రహస్యం కాదు. మంచం వదులైందంటే తప్పు నులకది కాదు, ఆ చివరి తాడుది. ఇది మన తాతలకు తెలుసు, మనకు మాత్రం పరుపులు వచ్చాక మతిమరుపొచ్చింది. న్యూజిలాండ్‌లో అయితే 4 మిల్లీమీటర్ల కంచె తీగను నంబర్ 8 వైర్ అంటారు, ఉన్నదాంతో ఏదో ఒకటి చేసి పని గట్టెక్కించే తెలివికి కూడా అదే పేరు. మనకూ ఆ తెలివి ఉంది, జుగాడ్ అంటాం. తేడా ఒకటే. వాళ్లు దాంతో కంచెను బిగిస్తారు, మనం మేస్త్రీ బిల్లును తగ్గిస్తాం.

మన దగ్గర ఇంత హంగామా లేదు. మూల కడీకి ఏటవాలుగా ఇంకో కడీ ఆనిస్తారు, దాన్నే సపోర్ట్ కడీ అంటారు, రెండు వైపులా తీగ లాగుతుంది కాబట్టి మూలకు రెండు. వినడానికి చిన్న పనే. దీనికీ పద్ధతులున్నాయి. మరీ నిటారుగా ఆనిస్తే అది మూల కడీని ఆపడం మానేసి జాకీలా పైకి లేపడం మొదలెడుతుంది. కాలి కింద బండరాయి వేయకపోతే మొదటి వానకే మట్టిలో దిగబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎటు వైపు ఆనించాలి అన్నది. తీగ ఎటు లాగుతోందో అటే, తీగ కిందే, కంచె వరుసలోనే దాన్ని పెట్టాలి. కడీ అటు పడబోతుంటే ఎదురుగా నిలబడి ఛాతీ మీద చెయ్యి వేసి ఆపినట్టు.

మా మేస్త్రీ ఈ సంగతి తెలిసినవాడు. "మూలకు రెండు సపోర్టులు సార్, నాలుగు మూలలకు ఎనిమిది కడీలు ఎక్స్‌ట్రా పడ్తయ్" అన్నాడు.

"ఎనిమిదా?" అన్నాడు బావ. "అవన్నీ లోపల పెడితే మా జాగా ఎంత పోతుందో తెలుసా? గజం ఇరవై వేలు పెట్టి కొన్నాం."

"పోయేదేముంది సార్, తీగ కిందనే ఉంటయ్ గదా."

"బయట పెట్టు."

"బయట పెడితే ఫాయిదా లేదు సార్, గుంజుడు లోపలికి గదా."

"చెప్పింది చెయ్యి. వెనక నుంచి సపోర్ట్ ఉంటే చాలు."

మేస్త్రీ ఒక క్షణం ఆకాశం వైపు చూసి "మీ ఇష్టం సార్" అన్నాడు. మేస్త్రీల నోట ఈ మాట వచ్చిందంటే కస్టమర్ మీద ఆశ వదిలేసుకున్నారని అర్థం. మే నెల, 42 డిగ్రీల ఎండ, గడ్డపారకు తీగ చుట్టి ఇద్దరు కుర్రాళ్లు లాగితే వీణ తీగలా మోగింది. ఎండలో ఇంత బిగిస్తే చలికాలం తీగ ఇంకా ముడుచుకుంటుందని, 30 డిగ్రీలు తగ్గితే 50 అడుగుల ఉక్కు తీగ 5 మిల్లీమీటర్ల దాకా కురచవుతుందని నేనేదో చెప్పబోయాను. "5 మిల్లీమీటర్లు కూడా ఒక లెక్కేనా" అన్నాడు బావ. ఈయనే రెండు గంటల కింద సపోర్ట్ కడీల విషయంలో అంగుళాల మీద పోరాడాడు.

బావను ఒక్కణ్నే అనలేను లెండి. ఈ వెనకుండే జబ్బు ఊరంతా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ చౌరస్తాకు వెళ్లినా ఫ్లెక్సీ మీద ఒక పెద్ద తలకాయ, కింద నలభై చిన్న తలకాయలు, "అన్నా, నీ వెనక మేమున్నాం" అని రాసి ఉంటుంది. ఇంజనీరింగ్ ప్రకారం దీన్ని కాస్త జాగ్రత్తగా పరిశీలించాలి. వెనకున్నవాడు తాడైతే పనికొస్తాడు. కరెంటు లైను మలుపు తిరిగే చోట చూడండి, స్తంభం వెనక నుంచి నేలలోకి ఏటవాలుగా స్టే వైరు దిగి ఉంటుంది, మధ్యలో గుడ్డు లాంటి పింగాణీ ముక్కతో. అది వెనక ఉండి లాగి పట్టుకుంటుంది. వెనకున్నవాడు కడీ అయితే లాగలేడు, ఊరికే ఆనుకుని ఉంటాడు. అన్న ముందుకు వంగిన రోజు వాడికి భుజం నొప్పి తగ్గుతుంది, అంతే. ఆ ఫ్లెక్సీ మీదున్న నలభై మందిలో తాళ్లెందరు, కడీలెందరు అని ఏ అన్నా లెక్క తీసినట్టు లేదు. లెక్క తీసేసరికి ఎన్నికలైపోతాయి.

జూన్‌లో గొడవ మొదలైంది. పక్క ప్లాటు పెద్దాయన తన కంచె వేయించుకుంటూ వెనక వరుస తీగను మా వెనక మూల కడీకే బిగించేశాడు. బావకు బీపీ పెరిగింది. "మన కడీ మీద వాళ్ల తీగా? రేపు మన గోడ మీద వాళ్ల స్లాబు వేస్తారు!" పెద్దాయన కూడా తక్కువేం తినలేదు, "ముందు నా జాగలో మీరు నిలబెట్టిన సపోర్టు తీయండి, తర్వాత నా తీగ సంగతి మాట్లాడదాం" అన్నాడు. లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండు దాకా ఇదే. ఒకాయన ప్రభుత్వ భూ రికార్డుల పోర్టళ్లు 2020 ధరణి, 2025 భూభారతి రెండింటి గురించీ వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. కడీకి వాటితో ఏం సంబంధమో ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ వాయిస్ మెసేజ్ ఎవరూ వినలేదు. ఆఖరికి అసోసియేషన్ వాళ్లు కూర్చోబెట్టి రాజీ చేశారు, ఆయన తీగ తీసేయాలి, మేం సపోర్టు తీసేయాలి. ఇద్దరం గెలిచాం. ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు తిని ఇళ్లకు వెళ్లాం.

జులైలో రెండు మంచి వానలు పడ్డాయి. వెళ్లి చూస్తే వెనక మూల కడీ ఐమూలగా లోపలికి వంగి, ప్లాటుకు దండం పెడుతోంది.

అక్కడ నిలబడి ఆలోచిస్తే వెలిగింది. పెద్దాయన తీగ మా తీగకు సరిగ్గా ఎదురు దిక్కున లాగుతోంది. రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి చంపుకుని, కడీ నిటారుగా ఉంది. ఆ మూలకు దొరికిన ఏకైక నిజమైన సపోర్టు ఆయన తీగే. మేం పోరాడి, పంచాయితీ పెట్టి, గ్రూపులో దండాల ఎమోజీలు కొట్టించుకుని మరీ దాన్ని తీయించాం. మా డబ్బుతో వేయించుకున్న సపోర్టు మాత్రం ఉన్నన్నాళ్లూ ఎండకు నిలబడి ఫొటోకి పోజిచ్చింది.

కంచె మాత్రం తన సమస్యను తానే పరిష్కరించుకుంది. కడీ వంగగానే తీగ వదులైంది, తీగ వదులవగానే కడీ మీద భారం తగ్గింది, కంచె పని మానేశాక ఇద్దరూ సుఖంగా ఉన్నారు. ఆ సందులోంచి ఊరి బర్రె ఒకటి లోపలికొచ్చి ఈశాన్యంలో పడుకుని నెమరేస్తోంది. గృహప్రవేశానికి జనం ఆవును వెతికి తెచ్చుకుంటారు, మాకు ఇల్లు లేకుండానే బర్రె దానంతటదే వచ్చింది, అదీ వాస్తు ప్రకారం. బావ టేపు తీసి కడీ మొదట్లో ఒకసారి, కొసన ఒకసారి కొలిచాడు. ఒక అడుగు తేడా. దాన్ని రెండు వైపులా హెచ్చవేసి, భాగించి, పైన కొలిస్తే మన ప్లాటు నాలుగు గజాలకు పైగా తగ్గిందని తేల్చాడు. హద్దు కడీ మొదట్లో ఉంటుందా కొసన ఉంటుందా అని వకీలును అడుగుదామన్నాడు. బర్రె ఈ లెక్క వింటూ తోక ఆడించింది.

అప్పటి నుంచీ నాకో రోగం పట్టుకుంది. ఎక్కడ కంచె కనిపించినా బండి ఆపి మూలల దగ్గరికెళ్లి చూస్తున్నాను. 2024 జులైలో చెరువుల, పార్కుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక నగరంలో కంచెలకు గిరాకీ పెరిగింది, చెరువు పక్కన కంచె, పార్కు చుట్టూ కంచె, కంచెకు బోర్డు. జనం బోర్డు చదువుతారు, నేను మూల కడీ చూస్తాను. సపోర్టు లోపలుందా బయటుందా, కాలి కింద బండ ఉందా లేదా. మొన్న ఒక చోట సెక్యూరిటీ అతను వచ్చి "ఏం కావాలి సార్?" అని అడిగాడు. ఏమని చెప్పను? "ఏం లేదన్నా, సపోర్టు చూస్తున్నా" అంటే ఏ పార్టీ అని అడిగాడు.

ఆఖరికి సిగ్గు విడిచి పెద్దాయనకు ఫోన్ చేశాను. "అంకుల్, మీ తీగ మళ్లీ మా కడీకే కట్టుకోండి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజు నీ బావ నన్ను కబ్జాదారు అన్నాడు బాబూ" అన్నాడు. బావతో సారీ చెప్పించాను, అదీ స్పీకర్ ఫోన్లో. మేస్త్రీ వచ్చి కడీని నిలబెట్టి, చుట్టూ రాళ్లు కొట్టి, రెండు వైపుల తీగలూ బిగించాడు. వెనక వరుసలో ఇప్పుడు కడీ గీత గీసినట్టు నిటారుగా ఉంది. ఆయన ఎంత గట్టిగా లాక్కుంటే మాకు అంత మంచిది.

కానీ రోడ్డు వైపు వచ్చే పక్క తీగ ఇంకా దాన్ని ముందుకు గుంజుతూనే ఉంది. దానికి మేస్త్రీ రెండు దారులు చెప్పాడు. ఒకటి, లోపల వైపు, తీగ కింద ఒక సపోర్ట్ కడీ. బావ ససేమిరా అన్నాడు. రెండోది, మా వెనక ప్లాటు వాళ్లు కూడా కంచె వేయించుకుని, ఆ తీగను మా కడీకే బిగించడం. ఆ ప్లాటాయన డల్లాస్‌లో ఉంటాడు, కొన్నాక ఒక్కసారీ వచ్చి చూసుకోలేదు. నంబరు సంపాదించి, వంగిన కడీ ఫొటో, బర్రె ఫొటో రెండూ పెట్టి, సంగతంతా వివరంగా రాసి పంపాను.

పొద్దున లేచేసరికి రిప్లై వచ్చి ఉంది. "టెన్షన్ పడకు అన్నా, నీ వెనక మేమున్నాం."